పులుపు తిన్న పావురం

మా మేనమామ పోయాడు. వాళ్ల ఊరు చింతకి నుంచి అత్త ఫోన్ చేసి, “మీ మామ పోయిండు. చాయ్ అడిగిండు, తెచ్చేసరికి లేడు,” అని పెట్టేసింది. రమ్మనలేదు. ఎందుకో నాకు తెలుసు.

బీదర్‌లో ఒక పాత జాగీర్దారు కూడబెట్టిన వస్తువులతో నడిచే చిన్న మ్యూజియంలో మామ అటెండర్. ఆయన ప్రాణమంతా ఒక్క రాతి ముక్క మీదే. ఈజిప్టులోని తొలినాటి క్రైస్తవులు, కాప్టులు, చెక్కిన పాలరాయి. జానెడు ఉంటుందేమో. ద్రాక్షతీగ, గుత్తిని పొడుస్తున్న పావురం, అంతే. మిగతాది ఎక్కడ విరిగి పడిందో. రోజూ మెత్తటి కుంచెతో ఆ రెక్కల సందుల్లో దుమ్ము తీసేవాడు. “ఎవ్వడో ఒక్కొక్క ఈక చెక్కిండు. మనకు తుడవనీకి బద్ధకమా?” అనేవాడు.

మన జనానికి విరిగిన రాయైనా దేవుడే. ఎవరో పావురానికి పసుపూ కుంకుమా పెట్టి పోయారు. మరక పట్టేసింది. మర్నాడు హైదరాబాద్ నుంచి పెద్దమనుషులు వస్తున్నారని మేనేజరు చింతపండుతో తోమమన్నాడు.

“వద్దు సార్. పాలరాయిని పులుపు తింటది.”

“ఇంట్ల రాగి చెంబు తోమవా? తోము. లేకుంటే ఇంటికి పో.”

మామ తోమాడు. మరక సగమే పోయింది. ఈకలూ కన్నూ మాత్రం పూర్తిగా పోయాయి. తప్పంతా మామ మీద వేసి పనిలోంచి తీసేశారు.

హైదరాబాదులో ఎవరిని కదిపినా సాఫ్ట్‌వేర్, ప్లాట్లు తప్ప మాట లేని రోజులవి. నాదీ అదే కొలువు. మామ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. “నౌకరీ వద్దు అల్లుడా. పులుపుతోని తోమొద్దని నేను ముందే చెప్పిన అని ఒక్క ముక్క ఇంగ్లీషుల రాసి మ్యూజియమోళ్లకు పంపు. గంతే.” రాస్తానన్నాను. ఆఫీసులో పొద్దస్తమానం ఇంగ్లీషు ఉత్తరాలు రాసేవాణ్ణి, ఆ ఒక్కటి తప్ప. మామ మూడుసార్లు అడిగాడు. తర్వాత అడగలేదు. సిగ్గులేని వాణ్ణి, ఇప్పుడు మీకు ఇంత పొడుగు రాస్తున్నాను.

ఆ తర్వాత మామ చింతపండు ముట్టలేదు. అత్త ఇంట్లో పులుసు కాయడమే మానేసింది. “చెప్పినోడు ఎవడైతేంది, చెయ్యి నాది గద,” అనేవాడు.

పిలవకపోయినా దినానికి వెళ్లాను. దారిలో బీదర్‌లో దిగి మ్యూజియం చూశాను. పావురం కింద కార్డు మీద, ‘సిబ్బంది అజ్ఞానం వల్ల దెబ్బతిన్నది’ అని ఇంగ్లీషులో తప్పుల్లేకుండా రాసి ఉంది.

చింతకిలో బంతిలో కూర్చున్నాను. వంటవాళ్లకేం తెలుసు, పచ్చిపులుసు పోసుకుంటూ వస్తున్నారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

గడపలో కూర్చున్న అత్త అటు నుంచే అంది: “పొయ్యుండ్రి. వానికి నడుస్తది.”

చెయ్యి తీశాను. పులుసు అన్నం చుట్టూ పారింది.