గేటు బయట చంద్రకాంతమ్మ

మహబూబ్ బాషాకు నోటిదురుసు ఎక్కువ. బంగారుపాళ్యంలో ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లంతా ఒక్కసారైనా "రేపట్నుంచి రావద్దు, పో" అనిపించుకున్నవాళ్లే. మర్నాడు మామూలుగా వచ్చి బెల్టు దగ్గర నిలబడితే ఆయన చూసీ చూడనట్టు పోయేవాడు. తిట్టుకూ రాజీకీ అక్కడ అదే పద్ధతి. పనిలో పెట్టుకున్నట్టు ఎవరికీ కాగితం లేదు, తీసేసినట్టూ లేదు.

కాయలేరే ఆడవాళ్లకు పెద్దదిక్కు చంద్రకాంతమ్మ. పద్దెనిమిదేళ్లుగా అక్కడే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, కాయ లోపల కుళ్లుందో లేదో చెప్పేస్తుంది. పోయిన సీజన్లో ఒకామె కళ్లు తిరిగి పడిపోతే బెల్టు ఆపించింది. బయట కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి.

"ఎవుర్నడిగి ఆపినావు?" బాషా అరిచాడు.

"మనిషి పడిపోతే ఎవుర్నడగాల బాషన్నా?"

"నోరు లేస్తాండాది నీకు. రేపట్నుంచి రావద్దు!"

"సరేలే, ముందు నువ్వు రోన్ని నీళ్లు తాగు."

ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వును బాషా సాయంత్రానికే మరిచిపోయాడు. కొడుకు నియాజ్ మరిచిపోలేదు. మర్నాడు పొద్దున్నే వాచ్‌మన్ ఓబయ్యతో గేటు వేయించాడు. అన్నం క్యారియర్ పట్టుకుని ఆమె మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడింది. మేడమీద కిటికీలోంచి బాషా చూశాడు. దిగిపోయి గేటు తీయించడానికి ఎంతసేపు! నలుగురిలో కొడుకు మాట కొట్టేసినట్టవుతుందని ఆగిపోయాడు.

ఆమె చిత్తూరు పోయి కార్మికశాఖలో అర్జీ ఇచ్చింది. తన పని తనకు కావాలి, అంతే. ఆమె తనంతట తానే మానేసింది, మళ్లీ రాలేదు అని నియాజ్ ఎవరో కన్సల్టెంటు చేత జవాబు రాయించి తండ్రి ముందు పెట్టాడు.

"పెట్టబ్బా సంతకం. అందరూ ఇట్నే రాస్తారు."

బాషా పెట్టాడు.

రాజీ చర్చ రోజున అధికారి జాహ్నవి ఫైలు తిరగేసింది. "మానేసిందంటున్నారు. రమ్మని నోటీసు పంపినారా?"

"లేదు మేడం."

"తప్పు చేసిందనుకుంటే సంజాయిషీ? విచారణ?"

"మా కాడ అంతా నోటిమాటే మేడం."

"నోటిమాటతో పద్దెనిమిదేళ్ల పని పోదండీ. ఈడ తెగకుంటే కోర్టుకు పోతుంది. ఆడ ఈ కాగితం మీకే అడ్డం తిరుగుతుంది."

చంద్రకాంతమ్మ మాత్రం బాషా వైపే చూస్తోంది. "కోర్టు సంగతి నాకు తెల్దు. నువ్వు సెప్పన్నా. మర్నాడు నేనొచ్చినానా, లేదా?"

నియాజ్ తండ్రి మోచెయ్యి నొక్కాడు. బాషా చెయ్యి పక్కకు లాక్కున్నాడు.

"వచ్చింది మేడం. పైనుంచి నేను సూసినాను."

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. ఆమె పని ఆమెకు, పాత సర్వీసుతో సహా. పనివాళ్లందరికీ నియామక పత్రాలు. రాజీపత్రం మీద ఆమె, బాషా ఇద్దరూ సంతకాలు చేశారు.

మెట్ల మీద బాషా ఆమెను అందుకున్నాడు. "మనసులో ఏం పెట్టుకోవద్దు సంద్రమ్మా."

"ఇన్నాళ్లూ నియాజొక్కడే చేసినాడనుకుంటి," అంది ఆమె. "నీకు తెలిసుంటే గేటు తీయించుంటావని ఊర్లో అందరికీ సెప్పుకుంటి. నువ్వు సూస్తానే ఉంటివా!"

ఈ సీజన్‌కు ఆమె వచ్చింది. పనిలో వంక పెట్టడానికి లేదు. నవ్వు లేదు, బాషన్నా అనే పిలుపు లేదు.

మొన్న ఒకరోజు కాయ ఎక్కువగా దిగింది. బాషా ఆమె దగ్గరికి పోయి, "సంద్రమ్మా, ఈ పొద్దు ఒక గంట ఎక్కువుండి పోండమ్మా," అన్నాడు.

ఆమె చేతిలో కాయ వాసన చూసి పక్క బుట్టలో వేసింది. తల ఎత్తలేదు.

"రాసియ్యండి సార్."

ఆయన కాగితం కోసం మేడ ఎక్కాడు.