జానెడు చూపు

ఆ డ్రైక్లీనింగ్ దుకాణంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె సోడాబుడ్డి. చిన్నప్పుడు ముక్కు మీదికెక్కిన అద్దాలు నలభై ఆరేళ్ళు వచ్చేసరికి సీసా అడుగులా మందమయ్యాయి. యజమాని అలాగే పిలుస్తాడు, అదే దుకాణంలో ఇస్త్రీ చేసే భర్తా అలాగే పిలుస్తాడు. భర్త కాస్త మెల్లగా పిలుస్తాడు, అంతే తేడా.

ఆమె పని రఫూ. కోటుకు నిప్పురవ్వ తగిలినా, శాలువను ఎలుక కొరికినా, ఆ గుడ్డ అంచులోంచే దారాలు లాగి చిల్లు మీద అల్లేస్తుంది. తర్వాత చిల్లు ఎక్కడుండేదో సొంతదారే వెతుక్కోవాలి. పనికి కూర్చోగానే అద్దాలను నుదుటి మీదికి తోసి, గుడ్డను ముక్కుకు జానెడు దూరంలోకి తెచ్చుకుంటుంది. ఇక లోకంతో పనిలేదు. కుట్టేవాళ్ళ కుడి పక్కా, ఏడ్చేవాళ్ళ ఎడమ పక్కా కూర్చోకూడదంటారు. ఆమె కుడి పక్కన కూర్చుని మోచేతి పోటు తిన్నవాళ్ళు ఆ దుకాణంలో చాలామందే ఉన్నారు.

అద్దాలు ఎందుకు పైకి తోస్తుందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఆవలిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం లాంటి అలవాటే అనుకుంది.

వానలు పడుతున్న రోజుల్లో ఒకసారి బస్సు రద్దీలో ఎవరి మోచెయ్యో తగిలి అద్దాలు కిందపడ్డాయి. ఎవరో తొక్కారు. దిగాల్సిన చోట దిగింది గానీ, దిగాక రోడ్డెక్కడ అయిపోయిందో, కాలిబాట ఎక్కడ మొదలైందో తెలియలేదు. అడుగు వేసింది. చెవి పక్కనే హారన్ మోగింది. వెనకనుంచి ఎవరో భుజం పట్టి లాగకపోతే ఆమె కథ అక్కడే ముగిసేది. భర్తకు ఫోన్ చేసి, అతను వచ్చేదాకా కరెంటు స్తంభాన్ని వాటేసుకుని నిలబడింది.

కొత్త అద్దాలు చేయించుకున్నా, ఆ రోజు నుంచి భయం పట్టుకుంది. స్నానానికి వెళ్ళినా అద్దాలు చేతికందేంత దూరంలో ఉండాలి. నిద్రలో కూడా చెయ్యి వాటిని తడుముతుండేది. చివరికి భర్తతో చెప్పింది.

"నేను కళ్ళకు లేజర్ చేయించుకుంటానండీ. ఈ అద్దాలను నమ్ముకుని ఇక బతకలేను."

"కన్ను పోయేంత కాటుక ఎవరన్నా పెట్టుకుంటారా? అద్దాలతో బాగానే ఉన్నావు కదా" అన్నాడు భర్త.

పక్కింటి వదిన ఊరుకుంటుందా? "రెప్ప మూయకుండా క్లిప్పు పెడతారట. నీకు తెలుస్తూనే ఉంటుందట. కాలిన వాసన కూడా వస్తుందట, నాకు తెలిసినావిడ చెప్పింది" అంది. ఆవిడకు తెలిసినావిడ చెప్పని సంగతంటూ లేదు. ఆ మాటలు విన్నాక సోడాబుడ్డికి అన్నం సయించలేదు. చేయించుకుంటే భయం, మానుకుంటే భయం. రోడ్డు మీది హారనే గెలిచింది. ఆస్పత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ నిదానస్తురాలు. కంటి మీది పొర మందం కొలిచింది, కన్నీళ్ళు సరిగా ఊరుతున్నాయో లేదో చూసింది, ఈ మధ్య నంబరేమైనా మారిందా, కళ్ళు నలిపే అలవాటుందా, షుగరుందా అని అడిగింది. కొన్నాళ్ళు కళ్ళు పొడిబారవచ్చనీ, చీకట్లో దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చనీ చెప్పింది. అన్నిటికీ సోడాబుడ్డి నిజమే చెప్పింది, ఒక్కదానికి తప్ప.

"ఏం పని చేస్తారమ్మా?"

ఆమెకు వాళ్ళమ్మ గుర్తొచ్చింది. అమ్మ బతికున్నన్నాళ్ళూ, ఆ సూదిపనే నీ కళ్ళు తినేసిందని తిట్టేది. ఆ సంగతి తెలిస్తే ఈవిడా తిడుతుంది, ఆపరేషన్ కుదరదంటుంది.

"డ్రైక్లీనింగ్ దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చుంటానండీ."

"మీ వయసులో దూరం బాగా కనిపించేట్టు చేస్తే, దగ్గరవాటికి అద్దాలు కావాల్సి వస్తుంది. చదవడానికి పెట్టుకోవాలి. ఫరవాలేదా?"

"నేను చదివేది తక్కువేనండీ." అది నిజమే. ఆ నిజమే ఆమె కొంప ముంచబోయింది. డాక్టరు దగ్గరా ప్లీడరు దగ్గరా దాచకూడదని ఊరికే అన్నారా?

ఆపరేషన్ రోజు భర్తను బయటి వరండాలో కూర్చోబెట్టి, ఆమెను లోపలి గదిలోకి పంపారు. గది చల్లగా ఉంది. తలుపు అవతల ఏదో యంత్రం టిక్కు టిక్కుమంటోంది. భయమేస్తే ఆమెకు తెలిసిన మందు ఒక్కటే. సంచిలోంచి దుకాణానికొచ్చిన ఎవరిదో శాలువ తీసింది, అద్దాలు నుదుటి మీదికి తోసింది, సూది పట్టుకుంది. నాలుగు దారాలు అల్లేసరికి భయం తగ్గింది.

"ఏమిటది?"

తలకు టోపీ పెట్టుకున్న డాక్టరమ్మ ఎదురుగా నిలబడి ఉంది. సోడాబుడ్డి శాలువను దొంగసొత్తులా ఒళ్ళో దాచుకుంది.

"ఏం లేదండీ. ఊరికే, రఫూ."

"రోజూ చేస్తారా?"

దాచి లాభం లేదు. "అదే నా పనండీ. తిట్టకండి."

డాక్టరమ్మ తిట్టలేదు. పక్కన కూర్చుని, ఆమె నుదుటి మీది అద్దాలను చేత్తో పట్టుకుని ముక్కు మీదికి దించింది. "ఆపరేషన్ అయ్యాక మీ చూపు ఇలా ఉంటుంది. ఇప్పుడు కుట్టండి."

ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ అలా కుట్టలేదు. శాలువను జానెడు దూరానికి తెచ్చుకుంది. దారాల్లేవు, మసక మాత్రమే ఉంది. దూరం జరిపింది. గుడ్డ కనిపించింది గానీ, ఏ దారం కింద ఏ దారం పోతోందో తెలియలేదు. సూదిమొన కనిపించలేదు.

"దగ్గరి అద్దాలు పెట్టుకుంటే..." అంది.

"కొంతవరకు పని జరుగుతుంది. కానీ అద్దాలు తీసి ఇంత దగ్గరగా చూస్తున్నారే, ఆ చూపు మళ్ళీ రాదు. కంటి పొరను ఒకసారి చెక్కాక తిరిగి అతికించలేం. అయినా కావాలనుకునేవాళ్ళున్నారు, తప్పేం లేదు. ఇవాళే తేల్చుకోనక్కర్లేదు, ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

వరండాలోకి వచ్చిన భార్య ముక్కు మీద అవే అద్దాలు చూసి భర్త లేచాడు.

"భయపడి వచ్చేశావా?"

"లోపల అంత భయం లేదండీ. ఇప్పుడు వేస్తోంది." అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేను కౌంటర్ దగ్గర కూర్చుంటానని చెప్పాను."

లోపల జరిగిందంతా చెప్పింది. అతను మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు. "ఇంకో జత అద్దాలు చేయించి సంచిలో పెట్టుకుంటే సరిపోయేది కదే" అన్నాడు. ఇన్నాళ్ళూ ఇద్దరిలో ఒక్కరికీ తట్టని సంగతి అది.

మర్నాడు దుకాణంలో పనికి కూర్చుంది. అద్దాలు తోయబోయిన చెయ్యి సగంలో ఆగిపోయింది. తీశాక అక్కడ ఏమీ కనిపించకపోతే? అయినా తోసింది. శాలువను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఒక్కొక్క దారం, దాని నూగుతో సహా, విడివిడిగా కనిపించింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. ఏడుస్తూనే సూది ఎక్కించింది.

కుడి పక్కనా కూర్చోలేక, ఎడమ పక్కనా కూర్చోలేక, భర్త ఇస్త్రీ పెట్టె ఆపేసి వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.