అబ్దుల్లాపూర్‌మెట్ గట్టు మీద కోసిన గడ్డి

ప్రత్యేక రాష్ట్రం కోసం బస్సులు డిపోల్లో ఆగిపోయిన సమ్మె రోజులవి. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర మా మేనత్త ఎకరం వరిలో నడిమధ్య గుండ్రంగా ఎండిపోయిందని, పైరు రసం పీల్చే దోమ పడ్డదని కబురొచ్చింది. ఆ ఏడాది ఆమె తిండిగింజలకు ఆ ఎకరమే ఆధారం. నా దగ్గర ఉద్యమ కరపత్రాల కింద పంటల తెగుళ్ల కరపత్రాలు కూడా ఉండేవి. రెండూ కంఠతా వచ్చు. ఆ ధీమాతో బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో మా గది కింద టిఫిన్ బండి దగ్గర, దోమకు గట్టు మీది గడ్డే ఇల్లని, అదంతా కోసేస్తానని చెప్పాను. వంటాయనది కృష్ణా జిల్లా.

"గట్టు మీద ఎగిరేవి గడ్డి రసం తాగేవి బాబూ. వరిని ఎండగట్టేది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన కూర్చుంటుంది. ముందు నీళ్లు తీయించండి."

"మా పొలంల నీళ్లు ఉంచాల్నో తీయాల్నో గూడ మీరే చెప్తరా?" అన్నాను. ఆయన నా ఇడ్లీల మీద చట్నీ వేశాడు.

ఎల్బీనగర్ దాకా గంట నడక. అక్కడినుంచి హయత్‌నగర్‌కు షేర్ ఆటో మామూలుగా పది, ఆరోజు ముప్పై. గొణిగితే "నడువు మరి, ఉద్యమం నీదే గదా అన్నా" అన్నాడు డ్రైవర్. ఆపై ఒక కూరగాయల ట్రాలీ ఎక్కించుకుంది. తొమ్మిదిన్నరకు చేరాను.

గట్టు గడ్డిలో కాలు పెట్టగానే పచ్చటి చిన్న పురుగులు చిటపటా ఎగిరాయి. ఇవే అనుకుని కొడవలి పట్టాను.

"బర్రెకు రోజింత కోసుకునే గడ్డి అల్లుడా. మొత్తం కోస్తె రేపేం ఎయ్యాలె?"

"వరి కావాల్నా, గడ్డి కావాల్నా అత్తా?"

ఆమె ఇంకో కొడవలి తెచ్చి తనూ కోసింది. మధ్యాహ్నం రెండింటికి నడుము విరిగి, చేతులు కడుక్కోవడానికి మడిలోకి వంగాను. పక్కనున్న దుబ్బు విడదీస్తే, నీటి అంచుకు పైన గోధుమరంగు పురుగులు, నువ్వుల్లా గుంపుగా అంటుకుని ఉన్నాయి. ఒక్కటీ పచ్చది కాదు.

"నీళ్లు తీద్దాం అత్తా."

"గీ మాట పొద్దుగాల చెప్పకపోతివి?"

"పొద్దుగాల ఒకాయన చెప్పిండు. ఇడ్లీలు ఏస్తడు, కృష్ణా దిక్కాయన. నేను ఇనలే."

"ఆయన ఇడ్లీలైతే తిన్నవు గద."

గట్టు తెంపి నీళ్లు వదిలాం. ఊళ్లో దొరికిన మందు మొదళ్లు తడిసేలా కొట్టాం. ఎండిన మచ్చ ఇంకో నాలుగు గుంటలు, అంటే ఎకరంలో పదోవంతు, పాకి ఆగింది. మిగతాది చేతికొచ్చింది. బర్రెకు మాత్రం నెలరోజులు గడ్డి కొనాల్సి వచ్చింది.

గడ్డి కోసిన మర్నాడు బండి దగ్గర నిలబడితే, "మొదట్లోనే ఉన్నాయా బాబూ?" అని ఆయనే అడిగాడు. ఉన్నాయన్నాను. క్షమించమనడం ఏ కరపత్రంలోనూ చదవలేదు. ప్లేటు అందుకున్నాను. ఎండిన మడి చూడటానికి మీరూ వెళ్తే ఒక్కటే గుర్తుంచుకోండి. గట్టు మీద నిలబడి తేల్చకండి, దుబ్బు విడదీసి నీటి అంచు చూడండి. కొడవలి ఆ తర్వాత.