డబ్బాలు చేసింది మా అత్త

మా మేనత్త పోయింది. ఖానాపూర్ నుంచి అన్న ఫోన్ చేసి చెప్పాడు. "పొద్దున చాయ్ తాగి గోడకు ఒరిగింది చెల్లె. మల్ల లేవలే." కరీంనగర్ బస్టాండులో బస్సు కోసం నిలబడ్డప్పుడు నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మీలో ఎవరైనా మా వైపు పెళ్లిళ్లకు వచ్చి ఉంటే ఆ కాగితపు డబ్బాలు చూసే ఉంటారు. అరచేతిలో పట్టేంత డబ్బా, పైన నాలుగు రేకులు ఒకదాని కింద ఒకటి దూరి పువ్వులా ముడుచుకునే మూత. ముత్తయిదువలకు పసుపు కుంకుమ అందులో పెట్టి ఇచ్చేవాళ్లం. పాత క్యాలెండర్లు, శుభలేఖలు, చీరల షాపువాళ్లు పారేసే మెరుపు కాగితం, ఏది దొరికితే దానితో అత్త చేసేది. చెంచా వెనక వైపుతో మడతను రుద్దేది. జిగురు ముట్టేది కాదు. "మడత సక్కగుంటె జిగురెందుకు బిడ్డా" అనేది. మూతకు తీసుకునే కాగితం అడుగు కాగితం కన్నా పిసరంత పెద్దది ఉండాలి. ఆ పిసరు ఎంతో ఆమె కంటికే తెలుసు.

అత్తకు ఇరవై ఏళ్లు నిండకముందే మామ చనిపోయాడు. అప్పటి నుంచి ఆమె మా ఇంట్లోనే, వెనక గదిలో ఉండేది.

అక్క పెళ్లిలో పెళ్లికొడుకు తల్లి డబ్బాను తిప్పి తిప్పి చూసి, "ఎవలు జేసిండ్రు గివి?" అని అడిగింది. భర్త లేని మనిషి మడిచిన డబ్బాలో పసుపు కుంకుమ అంటే ఆమె దాన్ని అక్కడే వదిలేసి లేచేది. మా అవ్వ, అంటే అమ్మ, తడుముకోలేదు. "మా చిన్నబిడ్డ జేసింది వదినా" అంది. నాకప్పుడు పన్నెండేళ్లు. అందరూ నా బుగ్గలు పుణికారు. వెనక గది తలుపు సందులోంచి అత్త నన్నే చూస్తోంది. ఊ అనమన్నట్టు తల ఊపింది. నేను ఊ అన్నాను.

అలా నేను డబ్బాల పిల్లనయ్యాను. నిర్మల్ నుంచి, ఉట్నూర్ నుంచి కూడా పెళ్లివాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. వాకిట్లో ఎవరివైనా చెప్పుల చప్పుడు వినబడితే చాలు, అత్త కాగితాలు నా ఒళ్లోకి తోసి, కత్తెర నా చేతికిచ్చి లోపలికి పోయేది. ఎంత చక్కటి నాటకమో! నేను కత్తెర పట్టుకుని బుద్ధిమంతురాలిలా కూర్చునేదాన్ని. పొగడ్తలన్నీ కిక్కురుమనకుండా అందుకునేదాన్ని.

ఆమె నన్ను అడిగింది ఒక్కటే. "జర నువ్వు గూడ నేర్సుకో బిడ్డా. మీ అవ్వ చెప్పిన అబద్దమన్న నిజమైతది."

"రేపు నేర్సుకుంట అత్తా" అనేదాన్ని. ఆ రేపు ఇరవై ఏళ్లు సాగింది.

చేతిపని తెలిసిన పిల్ల అన్న పేరుతోనే నాకు సంబంధం కుదిరింది. నా పెళ్లి డబ్బాలన్నీ అత్తే మడిచింది. తాళి కట్టేటప్పుడు మాత్రం వెనక గదిలోనే ఉంది. ఆమెను పిలవమని నేను నోరు తెరిచి అడగలేదు. తర్వాత మా ఆయన చెల్లెళ్ల పెళ్లిళ్లకు డబ్బాలు కావాల్సి వస్తే ఉత్తరం రాసేదాన్ని. అత్త అట్టపెట్టెలో సర్ది బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపేది. ఒక్కటీ నలిగి రాలేదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక ఆడవాళ్లందరం కూర్చున్నాం. పక్కింటామె తన కొత్తకోడలిని నా ముందుకు తోసింది. "గా డబ్బాల పని నీతోనే పోవద్దు. గీ పిల్లకు జర నేర్పియ్యి."

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు. "నాకు రాదు. నేను ఒక్కటి గూడ జెయ్యలే. అన్నీ అత్తనే జేసింది" అన్నాను. గట్టిగానే అన్నాను.

మా అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, "దుఃఖంల ఉన్నది. అత్తంటె పానం దానికి. ఏదో అంటున్నది" అంది. అందరూ అవునవునన్నారు. "ఎంత మంచి మనసు" అని కూడా అంది ఒకామె. నిజం చెప్పినా పొగడ్త నాకే వచ్చింది, చూశారా.

లేచి వెనక గదికి వెళ్లాను. కొత్తకోడలు నా వెంటే వచ్చింది. గూట్లో క్యాలెండర్ కాగితంతో చేసిన డబ్బా ఒకటి ఉంది. అందులో అత్త సూదులు పెట్టుకునేది. మూత తీసి పక్కన పెట్టి, సూదులు నేల మీద పోసి, ఎలా మడిచిందో చూద్దామని డబ్బాను విప్పాను. మడతలన్నీ సులువుగా ఊడి వచ్చాయి. తిరిగి మడవబోయాను. గీతలు కాగితం మీదే ఉన్నాయి, ఏది ముందో తెలియలేదు. ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తోంది.

"జిగురు తేవాల్నా అక్కా?" అని అడిగింది ఆ పిల్ల.

వద్దన్నాను. మూత ఒక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది. దాన్ని ఆ సూదుల మీద బోర్లించాను.