తోకచుక్కలో అమోనియా

తొంభైల్లో ఒక వేసవి మొదట్లో, పొద్దు వాలగానే విజయవాడ జనమంతా డాబాలెక్కి కొండపల్లి వైపు మెడలు చాచేవాళ్ళు. కాస్త చీకటిపడేసరికి అటువైపు తోకచుక్క కనిపించేది.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. పరువంటే మహా పిచ్చి. నాన్న ఐసు ఫ్యాక్టరీలో మెషీన్ల దగ్గర పనిచేసేవాడు. అక్కడ నీళ్ళను గడ్డకట్టించడానికి అమోనియా గ్యాసు వాడతారు. ఆ ఘాటు ఆయన చొక్కాకీ జుట్టుకీ పట్టేసేది. ఇంటికి రాగానే "దగ్గరికి రాకమ్మా, స్నానం చేసొస్తా" అని నేరుగా పంపు దగ్గరికి వెళ్ళేవాడు. బళ్ళో నేను మాత్రం మా నాన్నది ఆఫీసు ఉద్యోగమని కోతలు కోశాను.

ఆ రోజు సైన్సు మేష్టారు తోకచుక్క గురించి చెప్పారు. అదొక మురికి మంచుగడ్డట. సూర్యుడి దగ్గరికి వచ్చేసరికి ఆ మంచు కరిగి నీరవకుండానే ఆవిరవుతుందట, దాంతోపాటు దుమ్మూ లేచి తోకవుతుందట. తోక ఎప్పుడూ సూర్యుడికి వ్యతిరేక దిశలోనే చాచుకుని ఉంటుంది కాబట్టి తిరిగి వెళ్ళేటప్పుడు తోకే ముందు నడుస్తుందట.

"ఆ మంచులో అమోనియా కూడా ఉంటుంది. మీలో ఎవరికైనా దాని వాసన తెలుసా?" అని అడిగారు.

నాకు తెలుసు. తలొంచుకుని బల్ల మీద ఇంకు మరకను గోటితో గీకుతూ కూర్చున్నాను.

సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి తోకచుక్క కొండల దాకా దిగిపోయింది. స్నానానికి ఆగితే కనిపించదని నేనే డాబా మీదికి పిలిచాను. వచ్చాడు గానీ పిట్టగోడకి ఆ చివర నిలబడ్డాడు. ఈ చివర నుంచి నేను పాఠమంతా అప్పజెప్పాను. అమోనియా అనేసరికి ఆయన మొహం విప్పారింది.

"అయితే మా సరుకేగా! కరక్కుండా ఊకలో పొర్లించే ఐసు దిమ్మే అది!" అని నవ్వాడు. "మరి మీ మేష్టారికి చెప్పావా, మా నాన్న చేసేది ఆ పనేనండీ అని?"

నేను తలొంచుకుని పిట్టగోడ సున్నాన్ని గోటితో గీకాను. నాన్న నా వైపు చూసి, "పర్లేదులే అమ్మా" అన్నాడు.

కోప్పడినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. డాబా ఆ చివరికి వెళ్ళి ఆయన్ని గట్టిగా పట్టుకున్నాను. "స్నానం చెయ్యలేదే పిచ్చిదానా" అంటూ నాకు తగలకుండా చేతులు పైకెత్తేశాడు. నేను వదల్లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే నెపం ఆ ఘాటు మీదికి నెట్టేశాను.

మర్నాడు మేష్టారు పుస్తకం తెరవకముందే చెయ్యెత్తాను.

"నిన్న మీరడిగిన వాసన నాకు తెలుసండీ. రోజూ మా నాన్న దగ్గర వస్తుంది."