స్కేలుతో కొలిచిన మెదడు

సత్యానందం మాస్టారికి ఏదైనా కాగితం మీద ఉంటేనే నమ్మకం. శ్రీకాకుళంలో ముప్ఫై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యారు, చర్చి సంఘంలో పెద్ద. బాప్తిస్మం తీసుకుంటానని వచ్చినవాడిని ఆధార్ కార్డు అడిగిన ఘనుడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్కేలు, దాని పక్కన ఒక తాళంచెవి ఉండేవి.

కొడుకు జేమ్స్‌కి విజయనగరంలో నర్సుగా చేస్తున్న దీవెనతో పెళ్లి కుదిరింది. ఇద్దరూ ఇష్టపడ్డారు. తన అన్నయ్య బెన్హర్‌కి స్కిజోఫ్రీనియా అని దీవెన మొదటే చెప్పింది. రోజూ మాత్రలు వేసుకుంటాడు, మిక్సీలు బాగుచేస్తాడు. మాస్టారు ఉదారంగా తలూపారు. వాళ్ల బాప్టిస్టు గుడిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివి, అభ్యంతరాలుంటే చెప్పమని అడగడం ఆనవాయితీ. రెండు ప్రకటనలు అయిపోయాయి.

రెండో ఆదివారం మధ్యాహ్నం మాస్టారు పేపరు అనుబంధం తిరగేశారు. ఆ జబ్బున్నవాళ్ల మెదడులో నీటి గదులు కాస్త పెద్దవిగా ఉంటాయనీ, తోబుట్టువుల్లోనూ ఆ ఛాయలు కనబడవచ్చనీ రాశారందులో. ఎర్ర సిరాతో గీత గీసి, దీవెనకి ఫోన్ చేశారు.

“స్కానింగు తీయించమ్మా. అనుమానమని కాదు, నమ్మకం కోసం.”

అనుమానానికి అంత ముద్దుపేరు పెట్టడం ఆయనకే చెల్లింది.

దీవెనకి ఒళ్లు మండింది. అయినా జేమ్స్ కోసం తీయించుకుని, శుక్రవారం ఫిల్ము పట్టుకుని వాళ్లింటికి వచ్చింది. మాస్టారు దాన్ని కిటికీ వెలుగుకి అడ్డంపెట్టి, స్కేలు తీసి, నల్లగా ఉన్న గదులను మిల్లీమీటర్లలో కొలిచారు.

“ఎడమది రవ్వంత పెద్దగున్నాదేటమ్మా?”

“నార్మల్ అని రాసిచ్చారు మావయ్యగారూ. అది వందలమందిని కలిపి సూస్తే తేలే తేడా అన్నారు డాక్టరుగారు. ఒక్క మనిషికి రేపు ఏటవుతాదో ఈ ఫిల్ము సెప్పదు.”

“సెప్పనిదానికి తీయించడమెందుకు?” అన్నారు మాస్టారు, తీయించమన్నది ఇంకెవరో అయినట్టు.

అప్పుడే పెరటి గదిలోంచి ఎవరో ఎవరితోనో వాదిస్తున్నట్టు వినబడింది. వినబడేది ఒక్క ఆడగొంతే.

“మా సెల్లి దేవమణి,” అన్నారు మాస్టారు. “ఉపవాస ప్రార్థనలో ఉన్నాది.”

“మరి బయట తాళమేసున్నాదేటి?”

మాస్టారు ఫిల్మును కవర్లో పెట్టే పనిలో మునిగిపోయారు. సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చిన జేమ్స్‌ని ఆ తాళం గురించి అడిగితే, ఇరవై ఏళ్లుగా అంతే అన్నాడు తల దించుకుని. డాక్టరుకి చూపిస్తే ఊరందరికీ తెలిసిపోతుందని తండ్రి భయమట. బస్సు విజయనగరం చేరేదాకా దీవెనకి ఏడుపు ఆగలేదు.

మూడో ఆదివారం అన్నయ్యని వెంటబెట్టుకుని గుడికి వచ్చింది. పాస్టరుగారు ప్రకటన చదివి, ఎవరూ లేవరన్న ధీమాతో అభ్యంతరాలు అడిగారు. పెళ్లికూతురే లేచింది.

“నాకున్నాది అయ్యగారూ. జేమ్స్ మీద కాదు. వాళ్లింట్లో రోగమున్నాదనీ కాదు, మా ఇంట్లోనూ ఉన్నాది. మా అన్నయ్య మాత్రలేసుకుని ఆ కిటికీ కాడ కూకున్నాడు. దేవమణి అత్తని ఇరవై ఏళ్లుగా గదిలో పెట్టి తాళమేశారు. ఆవిడ్ని ఆస్పత్రికి తీసుకెల్లాక ఈ ప్రకటన సదవండి.”

గుడంతా మాస్టారి వైపు తిరిగింది. ఆయన కీర్తనల పుస్తకంలో ఏదో వెతుక్కుంటున్నారు. అభ్యంతరం కాగితం మీద రాసిమ్మని అడగడం కూడా మరిచిపోయారు.

జేమ్స్ వెనక వరసలోంచి వచ్చి తండ్రి ముందు చెయ్యి చాచాడు. మాస్టారు తడబడుతూ జేబులోంచి స్కేలు తీసి ఇచ్చారు.

“ఇది కాదు నాన్నా,” అన్నాడు జేమ్స్. “తాళంసెవి.”