తడి పాదం చదివిన మాస్టారు

"ఏమే, మాస్టారు పోయారే," అని నా స్నేహితురాలు పొద్దున్నే ఫోన్ చేసింది. ఆపైన ఏడుస్తూనే ఉంది. నేను నరసరావుపేటలో మా బట్టల కొట్టు షట్టర్ ఎత్తించి అప్పుడే లోపల అడుగుపెట్టాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాతో ఆ మాట తేల్చకుండా ఎట్లా పోతారు అనుకున్నాను. పోయినవాళ్ళ గురించి ఇట్లా మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. కానీ మెచ్చుకోలుతో మొదలుపెడితే అది అబద్ధం అవుతుంది. మా మధ్య ఆయన చెప్పిన అబద్ధాలే చాలు.

మాచర్ల అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. దాని ఆఫీసర్ల క్లబ్బులో ఒక స్క్వాష్ కోర్టు. నాలుగు గోడల గది, చెక్క నేల, ఇద్దరు మనుషులు ఒకే గోడకేసి చిన్న రబ్బరు బంతిని కొట్టే ఆట. మాస్టారు అక్కడ మార్కర్. ఆఫీసర్లతో ఆడటం, స్కోరు చెప్పటం, కోర్టు తుడిచి తాళం వేయటం ఆయన ఉద్యోగం. మా నాన్నకు మాచర్లలో కిరాణా కొట్టు, ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు సరుకులు వేసేవాడు. సెలవు రోజుల్లో నేనూ వ్యానెక్కి వెళ్ళేదాన్ని. క్యాంటీన్‌లో వంట చేసే ఆవిడ కూతురే పొద్దున ఫోన్ చేసిన స్నేహితురాలు, నా ఈడుదే. ఇద్దరం కోర్టు తలుపు సందులోంచి తొంగి చూస్తుంటే ఒకరోజు ఆయనే తలుపు తీసి, "ఊరికే చూస్తే ఏమొస్తదమ్మా, లోపలికి రండి. చెప్పులు బయటే," అన్నారు. అప్పుడు మాకు పన్నెండేళ్ళు.

చెప్పుల సంగతిలో ఆయనంత చాదస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. బయట తొడుక్కున్న బూట్లతో ఎవరొచ్చినా గడప దాటనిచ్చేవారు కాదు. ఒకసారి పెద్ద మేనేజరుగారు నల్ల సోలు బూట్లతో వస్తే, ఆయన కాలి బూటే విప్పించి, దాని సోలుతో తెల్లకాగితం మీద ఒక గీత గీసి చూపించారు. "చూడండి సార్, ఇది కాగితం కాబట్టి పారేస్తాం. నా నేలని ఎక్కడ పారేయను?" అన్నారు. మేనేజరుగారు నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళారు. మేమైతే ఆయన ఉద్యోగం పోయినట్టే అనుకున్నాం.

ఖరీదైన రన్నింగ్ షూ తెచ్చుకున్నవాళ్ళ మీద ఆయనకు మరీ జాలి. "అయ్యి తిన్నగా పరిగెత్తేవాళ్ళకమ్మాయ్. ఈ ఆటలో తిన్నగా పోయేదెంత? అంతా పక్కకే. మడమ కింద ఎత్తుందా, చీలమండ మడతపడుద్ది," అనేవారు. సోలు జిగురుగా నేలను పట్టే గమ్ రబ్బరుది కావాలి. మడమ కదలకూడదు, ముందు వేళ్ళకు మాత్రం బొటనవేలంత చోటుండాలి. కొనటానికి సాయంత్రమే వెళ్ళాలి, ఆడేటప్పుడు వేసుకునే మేజోళ్ళు వెంట పట్టుకెళ్ళాలి. "మన ఎండలకి పొద్దున పాదం వేరు, సాయంత్రం పాదం వేరు," అనేవారు. పెరిగే పిల్లే కదా అని మా నాన్న ఒక నంబరు పెద్దవి కొనిస్తే, మాస్టారు నా ఎదురుగానే నాన్నని దులిపేశారు. "షావుకారూ, ఇది గోనెసంచి కాదయ్యా, పట్టినంత పోయటానికి. రెండేళ్ళు రావాలని కొంటే పిల్ల రెండు నెలల్లో కాలిరగ్గొట్టుకుంటది." మా నాన్న మర్నాడే వెళ్ళి మార్చి తెచ్చాడు. మా నాన్నను అట్లా మందలించిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. అందుకే ఆయన చెప్పినవన్నీ నమ్మాను.

ఇక తడి పాదం. కొత్తగా బూట్లు కొనబోయే ఆఫీసరు ఎవరైనా సరే, ముందు పళ్ళెంలో నీళ్ళు పోసి పాదం తడపమనేవారు. తర్వాత ప్యాకింగు కాగితం మీద నిలబెట్టి, ఆరకముందే ఆ గుర్తు చుట్టూ పెన్సిలుతో గీసేవారు. మధ్యలో ఒంపు బాగా ఉంటే ఒక రకం బూటు, లేకపోతే ఇంకో రకం. "పాదం తడిస్తే నిజం చెప్పుద్దిరా," అనేవారు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

మాకు పదహారో ఏడు వచ్చేసరికి రాష్ట్ర జూనియర్ పోటీలకు క్లబ్బు తరఫున ఒక్క అమ్మాయిని పంపుతామన్నారు. ఎవరిని పంపాలో మాస్టారి ఇష్టం. ఆ అమ్మాయి కోసం హైదరాబాదు నుంచి అసలైన స్క్వాష్ బూట్లు కూడా తెప్పించారు. ఇద్దరిదీ ఆరో నంబరే. ఆటలో నేను ఒక పిసరు ముందున్నాను. ఇది నా గొప్ప కాదు, మాస్టారు రాసిన స్కోరు పుస్తకంలో ఉన్నదే. ఆ రోజు మా ఇద్దరి పాదాలూ తడిపించి చెరొక కాగితం మీద నిలబెట్టారు. నా చూపు ఆ బూట్ల అట్టపెట్టె మీదే ఉంది, కాగితం వైపు చూడనే లేదు. మర్నాడు నన్ను ఒక్కదాన్నే పిలిచి, పెన్సిలు గీత గీసిన కాగితం చూపించారు. ఒంపన్నదే లేదు, రొట్టె కర్రతో ఒత్తినట్టుంది.

"నీది చదును పాదం తల్లీ. ఈ ఆటకి పనికిరాదు. ఇంకా ఆడితే మోకాళ్ళు పోతయ్. నీకు సరిపోయే బూటు ప్రపంచంలో లేదు," అన్నారు.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన నా తల నిమిరారు. బూట్లు నా స్నేహితురాలికి వెళ్ళాయి. ఆమె రాష్ట్రస్థాయిలో ఆడి, ఆ సర్టిఫికెట్లతో ఇప్పుడు సత్తెనపల్లిలో డ్రిల్లు టీచరుగా పనిచేస్తోంది. నేను రాకెట్ అటక మీద పడేశాను. పెళ్ళయ్యాక మా ఆయన బట్టల కొట్లో కూర్చున్నాను. రోజూ స్నానాలగది నుంచి తడి కాళ్ళతోనే వస్తాను కదా, ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసుకోలేదా అంటారేమో. లేదు. మాస్టారు చెప్పాక మళ్ళీ చూసేదేముంది? పైగా నా పాదమంటే నాకే సిగ్గు.

పోయిన వేసవిలో డాక్టరు నడవమంటే బూట్ల కోసం గుంటూరు వెళ్ళాను. చదును పాదానికి తగినవి ఇమ్మన్నాను. షాపులో అమ్మాయి నన్ను పాదం అచ్చు చూపే ఒక అద్దం పలక మీద నిలబెట్టి, "ఎవరు చెప్పారు మేడం మీకు? మీ ఒంపు చక్కగా ఉంది," అంది. బూట్లు కొనలేదు. అటునుంచి అటే మాచర్ల బస్సెక్కాను.

మాస్టారు వాళ్ళింటి వసారాలో కుర్చీలో ఉన్నారు, బాగా చిక్కిపోయారు. నేను నేరుగా కుళాయి దగ్గర కాళ్ళు తడుపుకుని, ఆయన ఎదురుగా సిమెంటు గచ్చు మీద అడుగేసి, తీశాను. "చదవండి మాస్టారూ," అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. చూసి, "ఆరో నంబరు. ఒంపు చానా మంచిది. గమ్ సోలు తీసుకో, మడమ దగ్గర బిగువు చూసుకో," అన్నారు. క్షమించమని అనలేదు. బూటు చెప్పారు.

"ఎందుకు చేశారు?"

"నీకు కొట్టుంది, నాన్నున్నాడు. ఆ పిల్లకేముందమ్మా?"

"ఆ మాట నాతోనే అనొచ్చుగా!"

"అంటే ఇచ్చేదానివా?"

పదహారేళ్ళ వయసులో ఇచ్చేదాన్ని కాదు, నిజం. కానీ పోటీ ఆమెకు ఇచ్చినందుకు కాదు నా బాధ. నా కాలి గురించి నాకే అబద్ధం చెప్పారు. మాస్టారి భార్యను మేం పిన్ని అంటాం. ఆమె కాఫీ తెచ్చేసరికి నేను గేటు దాటేశాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు, ఈ ఫోను వచ్చేదాకా.

కొట్టు మూయించి మాచర్ల వెళ్ళాను. మధ్యాహ్నానికి పాడె లేచింది. మగవాళ్ళు వెళ్ళాక ఆడవాళ్ళం ఇల్లంతా కడిగాం. నేనూ నా స్నేహితురాలూ కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాం. ఆమె ముందు నడిచి వసారా ఎక్కింది. ఆరిన గచ్చు మీద ఆమె అడుగు పడింది. ఎప్పుడూ నా పాదం నేను చూసుకోనిదాన్ని, ఆ అడుగును మాత్రం చూశాను.

మధ్యలో ఒంపు లేదు. రొట్టె కర్రతో ఒత్తినట్టుంది. ఆనాడు నాకు చూపించిన కాగితం ఇదే, ఈమెదే!

"నా పాదమంటే ఎంత ముచ్చటో మాస్టారికి," అంటోంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. "ఆటకి పుట్టిన పాదమే నీది అనేవారు. అయినా బూట్లో నడిమికి రబ్బరు ముక్క కోసి ఎత్తు పెట్టేవారు. ఎందుకు మాస్టారూ అంటే, బంగారం కింద పట్టుగుడ్డ వేయరా అనేవారు. మా బడి పిల్లలకి కూడా నా పాదం కథే చెప్తానే నేను."

అంటే చదును పాదం ఆటకు పనికిరాదన్నదీ అబద్ధమే. చదును పాదాన్ని ఆయన రాష్ట్రం దాకా తీసుకెళ్ళారు, మంచి పాదాన్ని కొట్లో కూర్చోబెట్టారు. అయినా ఏం చెయ్యను, ఇప్పటికీ పై అరలోంచి చీర తీసి తిరిగేటప్పుడు మునివేళ్ళ మీదే తిరుగుతాను. అది నేర్పిందీ ఆయనే. నోటిదాకా వచ్చింది మాట. చెప్పేస్తే నా బరువు సగం దిగేది. ఆమె పిల్లలకు చెప్పుకునే కథ అక్కడితో పోయేది. ఆయన తప్పించుకుని వెళ్ళి, తన అబద్ధానికి కాపలా నాకు అప్పగించారు. దుర్మార్గుడు, మా మాస్టారు.

"ఏందే, నేల వంక అట్టా చూస్తున్నావు?" అంది ఆమె, వెనక్కి తిరగబోతూ.

"ఏం లేదు. తడిగా ఉంది, జారతావు. లోపలికి పద, పిన్ని ఒక్కతే ఉంది," అన్నాను.

ఒక అడుగు ముందుకేసి, ఆమె పాదం గుర్తు మీద నా పాదం పెట్టాను. సరిగ్గా సరిపోయింది, ఇద్దరిదీ ఆరే. గచ్చు ఆరేదాకా కాలు తియ్యకుండా అక్కడే నిలబడ్డాను.